ఆదివారం మూడు నుంచి ఐదు దాకా

నీలం నగర్, సోలాపూర్
25 నవంబర్ 2024

చెల్లె యమునకు,

మీ అన్న నరసయ్య దీవెనలు. ఇక్కడ చేతన్, కోడలు శ్రుతి, నేను మంచిగున్నం. చలి మొదలైంది. శ్రుతి నాకు మఫ్లర్ కొన్నది. ఎర్రది. నేను పచ్చది అడిగిన.

నీ చెవి మిషన్ సంగతి ఏమైంది? ఈల కొడతదని ఇంక డబ్బాలనే పెట్టినవా? మొన్న ఫోన్‌ల నేను మాట్లాడింది నీలం నగర్ అంత విన్నది, నువ్వు ఒక్కదానివి వినలే. అందుకే మళ్ల కాయితం, పెన్ను పట్టిన. పోస్టు డబ్బా కాడ నన్ను చూసి ఒకాయన ఫోటో తీసుకున్నడు. డబ్బానో నన్నో తెల్వదు.

ఒక సంగతి చెప్పాలె. నిన్న ఆదివారం సంది నేను ఆశ్రమానికి పోతున్న. అక్కల్‌కోట్ రోడ్డు మీద, ముసలోళ్లను, మంచం పట్టినోళ్లను చూసుకునే ఆశ్రమం. చేతనే బండి మీద తీస్కపోయి దింపిండు. నాతోని మా దోస్తులు శ్రీనివాస్, మంగేశ్ సుత వచ్చిన్రు. శ్రీనివాస్ నీకు ఎరుకే, చద్దర్ల కార్ఖానాల నా పక్క సాంచా మగ్గం నడిపినోడు. మంగేశ్‌ది అశోక్ చౌక్‌ల చాయ్ దుకాణం, ఊరవతల జొన్న చేను ఉన్నది. అక్కడ మా ముగ్గురి పేర్లు రాసుకున్నరు. వయసు, షుగర్ ఉన్నదా, ఇంట్ల ఎవరికి ఫోన్ చెయ్యాలె, అన్నీ అడిగిన్రు. మెడల కార్డు ఏసిన్రు. ఇగ ప్రతి ఆదివారం మూడు నుంచి ఐదు దాకా.

ఎందుకు పోతున్నవంటవా, సేవ. అంతకంటే ఎక్కువ రాస్తే నువ్వు ఉత్తరం చింపుతవు.

జవాబు రాయి. కాయితానికి రెండు దిక్కుల రాయకు, ఇంకు అవతలికి దిగి రెండు దిక్కుల మాటలూ పాడైతున్నయి.

మీ అన్న
నరసయ్య


సిరిసిల్ల
4 డిసెంబర్ 2024

అన్నా,

దండాలు. నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. మొదటిసారి కూసొని, రెండోసారి నిలబడి, మూడోసారి అద్దాలు తుడుచుకొని. మూడుసార్లూ అదే ఉన్నది.

సేవనా? డెబ్బై ఏండ్లకొచ్చినవు, నీ గ్లాసుల నీళ్లు నువ్వే ముంచుకున్నది నేను ఎన్నడూ చూడలే. అమ్మకు జరమొస్తే తలుపు కాడ నిలబడి "ఎట్లుంది" అని అడిగి పోయినోడివి. నువ్వు పరాయి ముసలోళ్లకు సేవ చేస్తున్నవంటే నేను నమ్మాల్నా? నిన్ను చేతన్ తీస్కపోయి దింపిండు, పేరు రాయించిండు, మెడల కార్డు ఏసిన్రు. ఇది సేవ కాదన్నా, నిన్ను అక్కడ జేర్పిస్తున్నరు.

ఆదివారం రెండు గంటలే అంటవు. మొదలు రెండు గంటలే అంటరు. మా గల్లీల ఒకామెను గిట్లనే మొదలు పొద్దుగాల తీస్కపోయి సాయంత్రం తోలిన్రు. అలవాటు కావాలని. తర్వాత సంచి తీస్కపోయిన్రు. ఆ తర్వాత మంచం తీస్కపోయిన్రు. ఇప్పుడు ఆమె అర్రల కోడలు కుట్టు మిషన్ పెట్టింది.

నువ్వు సిగ్గుపడి నాకు దాస్తున్నవు. నువ్వు అడగలేవు కాబట్టి నేనే అడిగిన. శ్రుతికి వేరే ఉత్తరం రాసి నిన్ననే పోస్టు చేసిన. పెద్దమనిషిని గడప దాటించిన ఇంట్ల దీపం పెట్టెటోళ్లు ఉండరని రాసిన. ఇంకా నాలుగు మాటలు రాసిన. అవి నీకు రాయను.

తిండి ఎట్లుంది? పప్పు నీళ్లలెక్క ఉంటదా? దాచకు.

చెల్లె
యమున


నీలం నగర్
12 డిసెంబర్ 2024

యమునా,

నువ్వు తొందరపడ్డవు. ముందుగాల నీ ఉత్తరం సంగతి చెప్త.

శ్రుతి మరాఠీ బడిల చదివింది. తెలుగు మాట్లాడతది గని చదవరాదు. నీ కవరు రాంగనే మురిసిపోయి నా కాడికి తెచ్చింది. "మామా, అత్తమ్మ నాకు ఒక్కదానికే రాసింది, చదివి చెప్పుండ్రి" అన్నది. స్టూలు ఏసుకొని ఎదురుంగ కూసున్నది. నేను విప్పిన. మొదటి లైను మనసుల చదువుకున్న. రెండో లైను చదువుకున్న. నాకు చెమట పట్టింది. శ్రుతి ఫ్యాన్ ఏసింది, డిసెంబర్‌ల.

అప్పుడు నేను చదివిన. "శ్రుతికి దీవెనలు. నువ్వు మా అన్నను కన్నతండ్రి లెక్క చూసుకుంటున్నవని విని నాకు నిద్ర మంచిగ పడుతుంది. నీ చేతి పల్లి చట్నీ నాకు యాదికొస్తది." నువ్వు రెండు కాయితాలు నింపినవు కాబట్టి నేను శాన సేపు చదవాల్సి వచ్చింది. నడుమల మాటలు దొరక్క సిరిసిల్ల వానల సంగతి సుత చెప్పిన. శ్రుతి కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది. పెండ్లై తొమ్మిదేండ్లకు అత్తగారింటి తరఫు మనిషి ఒక మంచిమాట రాసిందని.

ఇగ దాచి లాభం లేదు, అసలు సంగతి రాస్తున్న. కూసొని చదువు. ఆశ్రమంల ఉన్నది నేను కాదు. శంకర్.

గణపతి పండుగ దినాలల్ల మా దోస్తు శంకర్‌కు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినయి. మాట పోయింది. భార్య పోయి ఐదేండ్లాయె, కొడుకు అభిజిత్ పుణేల నౌకరి. ఇంట్ల చూసెటోళ్లు లేక ఈడ పెట్టిండు. మేం చూద్దామని పోతే అక్కడి పెద్ద ఆరతి మేడం, "చుట్టాలను తప్ప ఎవరినీ విడువం. లేకుంటే ముసలోళ్లకు కార్యక్రమాలు చేసే మండలి అయితే ఆదివారం మూడు నుంచి ఐదు దాకా రావొచ్చు" అన్నది. మేం ముగ్గురం బయటికి వచ్చి చెట్టు కింద నిలబడి మండలి అయినం. మళ్ల లోపటికి పోయినం.

ఫారంల "మీకు వచ్చిన కళ" అని ఉన్నది. శ్రీనివాస్ పాట అని రాసిండు. మంగేశ్ చాయ్ అని రాస్తే మేడం కొట్టేసి "హాస్యం" అని రాసుకున్నది. నేను శాన సేపు ఆలోచించి "తెగిన పోగు అతుకుడు" అని రాసిన. ఆమె దాని మీద ముద్ర కొట్టింది.

శంకర్ పేరు నీకు రాయొద్దని నాకు ఎరుకే. అయినా రాసిన. మనిషి గోడ దిక్కు తిరిగి ఉంటుండు. అన్నం తింటలేడు.

అన్న
నరసయ్య


సిరిసిల్ల
20 డిసెంబర్ 2024

అన్నా,

నిన్న పార్సెల్ వచ్చింది. ఒక చద్దర్, రెండు డబ్బాల పల్లి చట్నీ. మీద ఒక చీటీ, మరాఠీల. నేను చదివిన, చిన్నప్పటి సోలాపూర్ భవాని పేట్ బడి చదువు ఇంక పోలే. "అత్తమ్మ, మీ మాటలు జిందగీల మరువను" అని ఉన్నది.

నేను ఆమెను దయలేని మనిషివన్న. ఆమె నాకు చట్నీ పంపింది. ఇది ఏం మనిషో నాకు సమజు కాలే. నీ ఉత్తరం దానెనక వచ్చింది, అప్పుడు సమజైంది. ఇంక నా ముఖం ఆమెకు ఎట్ల చూపియ్యాలె? చట్నీ మాత్రం మంచిగున్నది. ఎల్లిపాయ ఎక్కువేసింది.

శంకర్ మాట నేను నమ్మను. వాని పేరు చెప్తే నేను ఇంకేం అడగనని నీకు ఎరుక. అందుకే వాని పేరు చెప్పినవు. నువ్వే ఆ మంచం మీద ఉండి, పక్క మంచమోని కథ రాస్తున్నవు.

పేరు తెచ్చినవు కాబట్టి ఒక్కసారి నేను సుత రాస్త. మళ్ల రాయను.

నాకు పందొమ్మిదేండ్లు. సిరిసిల్ల సంబంధం తెచ్చింది వాడు. మన నాయిన చాప మీద కూసొని, "పిల్లగానికి ఏమన్న ఉన్నదా" అని అడిగిండు. వాడు ఏమన్నడు? "జర దగ్గున్నది. దూది దుమ్ముకు మనందరికీ ఉండేదే" అన్నడు. నేను తలుపు ఎనక ఉన్న. అప్పుడు నా చెవులు మంచిగుండె. ప్రతి మాట విన్న.

ఆయన దగ్గు దుమ్ముది కాదని లగ్గమైన నెలకే నాకు తెలిసింది. పదకొండేండ్లు దగ్గిండు. నేను ఇద్దరు పిల్లలను పెట్టుకొని, తునికాకు కత్తిరిచ్చుకుంట, బీడీలు చేసుకుంట ఆ దగ్గు విన్న. పోయినంక శంకర్ ఒకపాలి సిరిసిల్ల వచ్చిండంట. మా వాకిట్లకు రాలే. లగ్గమై నలభై రెండేండ్లాయె, వాడు నాకు ఒక మాట బాకీ ఉన్నడు.

అన్నం తినకుంటే దవాఖానల ముక్కుల పైపు ఏస్తరు. నాకేం లేదు. చెప్తున్న.

యమున


నీలం నగర్
28 డిసెంబర్ 2024

యమునా,

నువ్వు రాసింది చదివిన. నాయిన చాప మీద కూసున్ననాడు నేను సుత ఆ అర్రలనే ఉన్న. నేను సుత ఏం అడగలే. ఇగ మిగిలిన సంగతులు రాస్తున్న.

మండలి కష్టంగ నడుస్తుంది. ఇరవై ఇద్దరు ముసలోళ్లు కుర్చీలల్ల వరుసగ కూసుంటరు. ఎవరి కుర్చీకి వాళ్ల మంచం నంబరే. శ్రీనివాస్ మొదటి ఆదివారం భజన పాడిండు. ఇద్దరు నిద్రపోయిన్రు, ఒకామె నర్సును పిలిచింది. రెండో ఆదివారం మంగేశ్ హాస్యం చెప్పిండు. ఎవరూ నవ్వలే. ఐదు నిమిషాలైనంక ఒక తాత నవ్విండు, గని ఆయన వేరేదానికి నవ్విండంట.

మూడో ఆదివారం నేను నూలు తీస్కపోయిన. పోగు తెంపి, అతికి చూపించిన. అది పట్టుకున్నది చూడు! వాళ్లల్ల సగం మంది కార్ఖానాల చేసినోళ్లే. వణికే చేతులతోని సుత అతికిన్రు. ఉష టీచర్ అని ఒకామె ఉన్నది, ఎనభై రెండేండ్లు, మరాఠీ బడిల పాఠాలు చెప్పింది. ఇప్పుడు ఆమె హాజరు తీసుకుంటది. మేం ఐదు నిమిషాలు ఆలస్యమైతే బయట నిలబెడతది. మొన్న శ్రీనివాస్ నిలబడ్డడు.

శంకర్ చేతుల నూలు పెట్టిన. కింద పడేసిండు.

నీకు ఎరుకే, ప్రతి చలికాలం మేం నలుగురం మంగేశ్ చేనుకు హుర్డా తిన పోతం. మీ దిక్కు ఊసబియ్యం అంటరు గదా, అదే. పాలు పట్టిన జొన్న కంకులు పిడకల నిప్పు మీద కాల్చి, వేడివేడిగ నలుపుకొని, చట్నీ, బెల్లంతోని తినుడు. ముప్పై నాలుగేండ్లల్ల ఒక్క ఏడు సుత తప్పలే. కాల్చేది ఎప్పుడూ శంకరే. మేం కాలిస్తే మాడుస్తం అని మమ్మల్ని దగ్గరికి రానియ్యడు.

ఆరతి మేడంను అడిగినం, ఒక్క పూట చేనుకు తీస్కపోతం అని. వద్దన్నది. అభిజిత్‌కు ఫోన్ చేసినం. "కాకా, పడిపోతే ఎవరు జిమ్మేదారి" అన్నడు. పిల్లగాడు చెడ్డోడు కాదు, భయపడుతుండు. డాక్టర్ పాల మీద ఇంక నెల దినాలు చూస్త, తినకుంటే పైపే అన్నడు. నువ్వు రాసినట్టే.

అందుకే చేనునే ఆశ్రమానికి తెస్తున్నం. జనవరి పందొమ్మిది, ఆదివారం. వాకిట్ల గుంత తవ్వి కాలుస్తం. పొగ అయితదని మేడం ఒప్పుకోలే. ఉష టీచర్ అర్జీ రాసి ఇరవై ఒక్క సంతకాలు పెట్టించింది. ఇద్దరికి పేరే యాదికి లేకుంటే వేలిముద్ర ఏపించింది. శంకర్ పెట్టలే. మేడం ఒక బకెట్ ఇసుక, ఒక బకెట్ నీళ్లు పక్కన పెట్టాలనే షరతు మీద ఒప్పుకున్నది.

శ్రుతి నీ ఉత్తరం దేవుని అల్మారిల పెట్టింది. నేను ఏం చెయ్యాలె?

నరసయ్య


సిరిసిల్ల
6 జనవరి 2025

అన్నా,

నేను వస్తున్న. పందొమ్మిది తారీఖు పొద్దుగాల సోలాపూర్ దిగుత. బస్ స్టాండ్‌కు ఎవరూ రావొద్దు.

ముందు ఇంటికి రాను. ఇంటికొస్తే మీరంత కలిసి నాకు మంచిగ చూపిస్తరు. సీదా ఆశ్రమానికే పోత. అక్కడ నీ మంచం ఉన్నదా లేదా నా కండ్లతోని చూస్త. ఉంటే నీ సంచి నేనే కడత. మా ఎనక అర్ర ఊడ్చి సున్నం ఏపించిన. కిటికి ఉన్నది, మంచం ఉన్నది, పక్కింటాయన రేడియో ఉన్నది. నువ్వు నాతోని సిరిసిల్ల వస్తున్నవు.

శంకర్ కోసం వస్తలేను. నువ్వు చెప్పింది నిజమైతే, వాడు అక్కడ ఉంటే, నన్ను అటు దిక్కు కూసోబెట్టకు.

చెవి మిషన్ తెస్తలేను. బస్సుల ఈల కొడితే కండక్టర్ బస్సు ఆపుతడు, పోయినసారి ఆపిండు.

మీకు ఏం తేవాలె? అడగలే, సకినాలు తెస్తున్న.

యమున


సిరిసిల్ల
30 జనవరి 2025

అన్నా,

క్షేమంగ జేరిన. మీ శ్రీనివాస్ నా గురించి అశోక్ చౌక్ అంత చెప్పి నవ్విస్తుండని శ్రుతి మా పెద్దోని ఫోన్‌కు రాసి పంపింది. జరిగింది జరిగినట్టు రాస్తున్న, ఆయనకు చదివి వినిపియ్యి.

నేను ఆటో దిగి, రెండు సంచులు పట్టుకొని లోపటికి పోయిన. ఆరతి మేడం ఎదురొచ్చి ఏమో అడిగింది. నాకు వినపడలే. అందరి లెక్కనే "నరసయ్య చెల్లెనా" అని అడిగి ఉంటదనుకొని "అవును" అన్న. ఇంకోటి అడిగింది. "అవును" అన్న. ఆ దినం బార్శీ నుంచి ఒక కొత్త ముసలామె రావాల్సుండె అని, "ఇయ్యాల రావాల్సిన ఆజీ మీరేనా" అని నన్ను అడిగిందని నాకెట్ల తెలుస్తది? ఫారం మీద సంతకం పెట్టమన్నది, పెట్టిన. నీ కోసం వచ్చినోళ్లు పెట్టాల్నేమో అనుకున్న.

సంచులు తీసుకున్నరు. బీపీ చూసిన్రు. మెడల కార్డు ఏసిన్రు, యమునాబాయి, పద్నాలుగు నంబరు మంచం. వేడి నీళ్లు పోసిన్రు. మెత్తగ ఖిచిడి పెట్టిన్రు. చుట్టాలకు ఇంత మర్యాద ఏ ఊర్ల చూడలే. పండుకోమన్నరు, బస్సుల అలిసిపోయిన్న కాబట్టి పండుకున్న. నర్సు దుప్పటి కప్పింది. అన్నా, నాకు ఇంకొకరు దుప్పటి కప్పి ఎన్నేండ్లైందో లెక్క దొరకలే.

మూడింటికి మీరు కంకుల మూటతోని వచ్చిన్రు. నేను వరుసల కూసున్న. నువ్వు నన్ను చూసి మూట కింద పడేసినవు. "నువ్వు ఈడ ఎందుకున్నవు" అన్నవు. అది నాకు వినపడ్డది. "నువ్వెందుకున్నవు" అని నేనడిగిన. ఉష టీచర్ ఇద్దరినీ గప్‌చుప్ కూసోమన్నది.

నా కుర్చీ పద్నాలుగు. నా పక్క పదమూడు నంబరు. ఎవరో ముసలాయన, మూతి ఒక దిక్కు గుంజుకపోయింది, చెంపలు లోపటికి పోయినయి. నేను గుర్తుపట్టలే. అన్నా, ఒట్టు, గుర్తుపట్టలే.

మంగేశ్ కంకులు కాల్చిండు. ఒక దిక్కు మాడినయి, ఇంకో దిక్కు పచ్చిగున్నయి. ఆ ముసలాయన నిప్పు దిక్కే చూస్తుండె. శ్రీనివాస్ గింజలు నలిపి అందరికీ పళ్లెంల పోసిండు. ఈయన ఎడమ చేతితోని తీసుకొని నోటికాడికి తెస్తే అన్నీ ఒడిల పడ్డయి. మళ్ల తీసుకున్నడు, మళ్ల పడ్డయి. ఎవరూ చూస్తలేరు, అందరూ తినవట్టిరి. నేను పిడికెడు గింజలు జర నలిపి నోట్ల పెట్టిన. తిన్నడు. మళ్ల పెట్టిన. తిన్నడు.

మూడోసారి పెట్టేటప్పుడు గాలికి ఆయన కార్డు తిరిగింది. పేరు చదివిన.

నా చెయ్యి ఆగింది. గింజలు వేడిగున్నయి, చేతుల పట్టుకొని ఆలోచిస్తానికి లేదు. పెట్టిన.

తర్వాత సంగతి మీరంత చూసిన్రు. ఆశ్రమంల నా పేరు కొట్టెయ్యాలంటే చుట్టం సంతకం కావాలన్నరు, చేతన్ వచ్చి పెట్టిండు. అసలు పద్నాలుగో నంబరు ఆమె సోమవారం వచ్చిందంట. ఆమెకు నా ఖిచిడి సంగతి ఎవరూ చెప్పకుండ్రి.

నీ ఇంట్ల నాలుగు దినాలున్న. శ్రుతి నా కాళ్లకు నూనె రాసింది. నీ అర్రల నీ మంచం, నీ రెండు మఫ్లర్లు, నీ మందుల డబ్బా చూసిన. డబ్బా మీద పొద్దుగాలవి, సాయంత్రానివి అని శ్రుతి రంగు పట్టీలు అతికింది. ఒక పొద్దు దీపం పెడదామని దేవుని అల్మారి తీసిన. లక్ష్మీదేవి పటం ముందట నా ఉత్తరం. కుంకుమ బొట్టు సుత పెట్టింది. నేను నిలబడి మొత్తం చదువుకున్న. గంత మంచి అక్షరాలతోని గంత చెడ్డ మాటలు నేనే రాసిన్నా అనిపించింది.

అర్రకు ఏసిన సున్నం వేస్ట్ కాలే, మిరపకాయలు ఆరబోసిన.

యమున


నీలం నగర్
8 ఫిబ్రవరి 2025

యమునా,

నీ ఉత్తరం శ్రీనివాస్‌కు చదివి వినిపించిన. అశోక్ చౌక్‌ల చెప్పుడు బంద్ చేసిండు. ఇప్పుడు భవాని పేట్‌ల చెప్తుండు.

ఇంట్ల ఒక కష్టమొచ్చింది. శ్రుతి తెలుగు చదువుడు నేర్చుకుంటనంటుంది. "అత్తమ్మ ఉత్తరం నేనే చదువుకోవాలె మామా" అన్నది. కాదంటే బాగుండదు. పలక తెచ్చింది. నేను మెల్లగ నేర్పుతున్న. అ, ఆ కాడ్నే పది దినాలు ఆపిన. అక్షరం గుండ్రంగ రాలేదని మళ్ల రాపిస్తున్న. కాని పిల్ల హుషారు, నాకు తెల్వకుండ ఫోన్‌ల చూసి "క" దాకా పోయింది. హోళీ లోపట నీ ఉత్తరం చదువుతది. ఏదన్న ఉపాయం చెప్పు.

ఇగ శంకర్ సంగతి. ఆ దినం సంది తింటుండు. మొదలు పేజ గంజి, ఇప్పుడు మెత్తటి భాకరీ రొట్టె. పైపు అక్కర లేదన్నడు డాక్టర్. గోడ దిక్కు తిరిగి పండుకుంటలేడు. పోయిన ఆదివారం నూలు ఇస్తే ఎడమ చేతితోని పట్టుకున్నడు, పోగు ఒక కొస నేను పట్టుకున్న, ఇద్దరం కలిసి అతికినం. వంకరగ వచ్చింది. అభిజిత్ పుణే నుంచి వచ్చి చూసి, వరండాలకు పోయి ఏడ్చి వచ్చిండు. వచ్చే ఏడు చేనుకు తనే కార్ల తీస్కపోత అన్నడు.

మాటలు సుత ఒకటి రెండు వస్తున్నయి. "నీళ్లు" అంటుండు, "బస్" అంటుండు. ఉష టీచర్‌ను చూసి "హాజర్" అన్నడు, ఆమె హాజరు పుస్తకంల ఆయన పేరు ముందట రెండుసార్లు టిక్కు పెట్టింది.

నేను అడగాలనుకున్నది ఇది. హుర్డా దినం నేను నిప్పు కాడ్నుంచి చూసిన. నువ్వు మూడోసారి గింజలు పెట్టినంక శంకర్ నీ కార్డు చదివిండు. శాన సేపు చదివిండు. తర్వాత నీ దిక్కు చూసి నోరు తెరిచి ఏమో అన్నడు. నాలుగు నెలల సంది ఒక్క మాట రాని మనిషి. ఒక్కటి కాదు, రెండు మూడు మాటలు అన్నడు, పెదవులు చూసిన. నువ్వు తల ఊపి "సరే" అన్నవు. నీ ఉత్తరంల ఆ సంగతి రాయలే.

ఏమన్నడు? నీకు బాకీ ఉన్న మాటేనా?

రాయొద్దనుకుంటే రాయకు. శంకర్ ఇప్పుడు ఇంత మాట్లాడుతుండు కదా, వచ్చే ఆదివారమో, ఆ పై ఆదివారమో నేనే మెల్లగ అడుగుత.

నరసయ్య


సిరిసిల్ల
17 ఫిబ్రవరి 2025

అన్నా,

ఈ కవరుల ఇంకో కవరు ఉన్నది, శ్రుతి పేరు మీద. దాంట్ల రెండు కాయితాలు ఉన్నయి. పాత ఉత్తరానికి ఏసిన తారీఖే ఏసిన, అదే ఇంకు. నువ్వు నాడు స్టూలు ముందట కూసొని చదివినవి నాకు చెప్పినవి చెప్పినట్టు రాసిన, కన్నతండ్రి మాట, చట్నీ మాట, సిరిసిల్ల వానలు. నడుమల నావి సుత కొన్ని చేర్చిన. కాళ్లకు నూనె రాసింది కూడ రాద్దామనుకున్న, కాని అది జనవరిల జరిగింది, తారీఖు డిసెంబర్‌ది. దానికి ఇంకో ఉత్తరం రాస్త. శ్రుతి బజారుకు పోయినప్పుడు పాతది తీసి ఇది పెట్టు. కుంకుమ బొట్టు మరువకు. పాతది పొయ్యిల ఏసి, కాలిందాక చూసి, అప్పుడు నాకు రాయి. తర్వాత పిల్లకు చదువు సక్కగ చెప్పు.

శంకర్ ఏమన్నడని అడిగినవు. నాకు తెల్వదు. వినపడలే.

నవ్వుతవేమో, నవ్వు. వాడు నా పేరు చదివిండు, నా ముఖం చూసిండు, నోరు తెరిచిండు. వాని పెదవులు వంకరగ కదిలినయి, చెవి దగ్గరికి వంచిన, గాలి తప్ప ఏం రాలే. మళ్ల చెప్పు అని అడగొచ్చు. అంత కష్టపడి అన్న మనిషిని మళ్ల అనమని ఎట్ల అడగాలె?

ఈ నలభై రెండేండ్లల్ల వాడు ఎప్పుడన్న ఎదురైతే ఏమనాలో నా కాడ శాన మాటలుండె. బీడీలు చేసుకుంట తయారు చేసుకున్న మాటలు. ఆయన దగ్గుడు, దవాఖాన వరండా, పిల్లల ఆకలి, అన్నీ వరుసగ పేర్చి పెట్టుకున్న. ఒక్కటి మరువలే. వాడు నోరు తెరిచినప్పుడు అవి వస్తయనుకున్న. నా చేతుల వేడి గింజలున్నయి, వాని గదుమకు ఒక గింజ అంటుకొని ఉన్నది. అది తుడిచిన. నా నోట్ల "సరే" అనే వచ్చింది. ఎక్కడికెళ్లి వచ్చిందో నాకు తెల్వదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సుల సిరిసిల్ల దాకా పండుకున్న. కండక్టర్ లేపాల్సి వచ్చింది.

అందుకే చెప్తున్న అన్నా, ఆదివారం వానిని ఏం అడగకు. నేననుకున్న మాటే అన్నడో, గింజలల్ల ఉప్పు తక్కువైందన్నడో, పొగ కండ్లల్ల పోతుందన్నడో, ఏదైనా గానీ. నేను జవాబు ఇచ్చిన. ఇచ్చిన జవాబు ఎనకకు తీసుకోను. వాడు తనంతట తనే నీకు చెప్పవస్తే, ఆగమని అనకు, మళ్ల చెప్పమని అనకు. నువ్వు సుత తల ఊపి సరే అను.

చెల్లె
యమున